అదే పెట్టె, అదే కీ, అయినా తెరుచుకోని తాళం

ప్రశ్న: తెనాలిలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బడిపిల్లల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఏ కవిగారి పుస్తకమో. కంప్యూటర్లు రెండు. విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయని విని, పెద్ద కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్పించాను. మార్చిన కుర్రాడు వేగం కోసమని హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాడు. మర్నాడు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తెరిస్తే లైసెన్స్ చెల్లదంది. కీ మళ్లీ కొడితే, ‘ఈ కీ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది’ అంటోంది. వేరే కంప్యూటర్ ఎక్కడిది? అదే పెట్టె, అదే బల్ల. కంపెనీకి ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. మెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: మీ వెర్షన్‌కు సపోర్ట్ ముగిసింది, కొత్తది కొనుక్కోండి అని. 2014లో బిల్లుతో సహా కొన్నదాన్ని మళ్లీ ఎందుకు కొనాలి? కుర్రాడేమో క్రాక్ వేస్తే, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టే దొంగ ఫైలు ఎక్కిస్తే, పది నిమిషాల పని అంటున్నాడు. కోపం వచ్చి అతనికి ఇవ్వాల్సిన డబ్బు ఆపాను. ముహూర్తాలు మొదలవుతున్నాయి. రెండో కంప్యూటర్‌ను కూడా మార్చాలా? నన్నేం చేయమంటారు?

జవాబు: ముందు ఒక ఫోన్ చేయండి. కంపెనీకి కాదు, ఆ కుర్రాడికి. తీసేసిన పాత హార్డ్ డిస్క్ ఎక్కడ ఉందో అడగండి. దాన్ని ఎవరైనా ఫార్మాట్ చేయకముందే, ఏ సీసీ కెమెరాల రికార్డర్‌లోనో బిగించేయకముందే మీ చేతికి తెప్పించుకోండి. మీ ఉత్తరం అందిన పూటే ఈ ఒక్క ముక్క మీకు మెయిల్‌లో రాశాను. ఆ డిస్క్ మీ సొరుగులోకి వస్తే సగానికి పైగా కష్టం గట్టెక్కినట్టే. రాకపోయినా దారి ఉంది గానీ అది చుట్టుదారి.

అదే పెట్టె, అదే బల్ల అన్నారు. మీ కళ్లకు పెట్టె కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు పెట్టె కనిపించదు. ఇలాంటి కీలతో నడిచే సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచినప్పుడు కంప్యూటర్ లోపల కొన్ని గుర్తులు చూసుకుంటుంది: నెట్‌వర్క్ కార్డుకు ఉండే చిరునామా, హార్డ్ డిస్క్ సంఖ్య, మదర్‌బోర్డు వివరం, ఒక్కోసారి విండోస్‌కు ఉండే గుర్తింపు సంఖ్య. వీటన్నిటినీ కలిపి ఒక మెషిన్ కోడ్ తయారుచేసి, మీ కీని దానికి ముడివేస్తుంది. ఏ గుర్తుకు ఎంత విలువ ఇవ్వాలన్నది ఆ కంపెనీ ఇష్టం. కొందరు నాలుగింటిలో మూడు సరిపోతే చాలంటారు. కొందరు ఒక్కటి మారినా కొత్త మనిషిని చూసినట్టు చూస్తారు. మీ సాఫ్ట్‌వేర్ రెండో రకంలా ఉంది. విండోస్ ఎక్కువగా మదర్‌బోర్డునే చూస్తుంది కాబట్టి, డిస్క్ మారినా అది నోరెత్తలేదు. దాని పక్కనే ఉన్న ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇల్లే మారిపోయింది.

డిస్క్ సంఖ్య అన్నానుగా, అందులోనూ ఒక మెలిక ఉంది. కమాండ్ ప్రాంప్ట్ అనే, ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరిచి ‘వాల్’ (vol) అనే మూడు ఇంగ్లీషు అక్షరాల ఆదేశం కొడితే, నడుమ చిన్న గీతతో ఎనిమిది అక్షరాల సంఖ్య ఒకటి కనిపిస్తుంది. చాలా పాత సాఫ్ట్‌వేర్లు డిస్క్ సంఖ్య అనుకుని చూసేది దీన్నే. అది డిస్క్ తయారైనప్పుడు వేసిన సంఖ్య కాదు, ఫార్మాట్ చేసిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. అంటే డిస్క్ మార్చకుండా ఊరికే ఫార్మాట్ కొట్టించినా మీకు ఇదే గతి పట్టేది. ఫార్మాట్ అనే మాట మన ఊళ్లలో జ్వరానికి బిళ్లలా వాడేస్తారు. కంప్యూటర్ నెమ్మదించిందా, ఫార్మాట్. ప్రింటర్ కదలడం లేదా, ఫార్మాట్. దాంతో పాటు ఎన్ని కీలు కొట్టుకుపోయాయో లెక్క లేదు.

డిస్క్ చేతికి వచ్చాక ఏం చేయాలంటే, ఎస్‌ఎస్‌డీ వైరు ఊడదీసి, పాత డిస్క్‌ను దాని స్థానంలో తగిలించి కంప్యూటర్ ఆన్ చేయించండి. రెండూ ఒకేసారి తగిలించవద్దు. పాత డిస్క్ లేవకపోతే కంగారు పడకండి. విండోస్ 11 కోసం ఆ కుర్రాడు బయోస్‌లో, అంటే విండోస్ లేవక ముందే నడిచే అమరికల్లో, లెగసీ అన్నచోట యూఈఎఫ్ఐ అని మార్చి ఉంటాడు, సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేసి ఉంటాడు. అవి ఎలా ఉండేవో అలా పెడితే పాత డిస్క్ లేస్తుంది. ఈ మార్పులకు ముందు ఎస్‌ఎస్‌డీలోని విండోస్ 11లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉందేమో చూసి, ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. తిరిగి ఎస్‌ఎస్‌డీ తగిలించినప్పుడు అది అడగవచ్చు. ఒక కీ కోసం వెళ్లి ఇంకో కీ పోగొట్టుకున్నారన్న మాట మీకు రాకూడదు.

డిస్క్ మార్చకుండా, ఉన్నదాని మీదే విండోస్ 11 ఎక్కించుకుని ఇదే బాధ పడుతున్న పాఠకులూ ఉంటారు. వారికి పది రోజుల గడువు ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’ అనే మీట ఉంటుంది. నొక్కితే పాత విండోస్ పాత సాఫ్ట్‌వేర్లతో సహా తిరిగి వస్తుంది. పది రోజులు దాటితే పాత ఫైళ్లను విండోస్ తనంతట తానే చెరిపేస్తుంది. డిస్క్ నిండిందని ‘క్లీనప్’ చేసినవారికి ఆ గడువు కూడా ఉండదు.

మీ పాత డిస్క్ లేచింది, ఫాంట్ల సాఫ్ట్‌వేర్ చక్కగా తెరుచుకుంది అనుకుందాం. దాని మెనూల్లో ఎక్కడో ‘డీయాక్టివేట్’ అనో, ‘సరెండర్’ అనో, ‘ట్రాన్స్‌ఫర్’ అనో ఒక మాట ఉంటుంది. లైసెన్స్‌ను ఇక్కడ వదిలేసి అక్కడ ఎక్కించుకోవడానికి పెట్టిన మీట అది. అప్‌గ్రేడ్‌కు ముందు నొక్కాల్సింది అదే. ఇప్పుడు మాత్రం వెంటనే నొక్కకండి. మామూలుగా అందరూ నొక్కమనే చెబుతారు. నేను వద్దంటున్నది ఎందుకంటే, కంపెనీ మీ వెర్షన్‌కు సపోర్ట్ ముగిసిందని ఇప్పటికే అన్నది. లైసెన్స్‌ను వెనక్కి తీసుకునే సర్వర్ పనిచేస్తూ, తిరిగి ఇచ్చేది పనిచేయకపోతే? ఉన్నది పోతుంది, కొత్తది రాదు. ఆ వెర్షన్‌ను మళ్లీ యాక్టివేట్ చేసి ఇస్తామని వారి నుంచి రాతపూర్వకంగా మాట వచ్చేదాకా పాత డిస్క్‌లో నడుస్తున్న లైసెన్స్‌ను వదలకండి. మీ చేతిలో ఉన్న బలం అదొక్కటే.

ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. నేను ఒక చిన్న పత్రికలో పనిచేసిన రోజుల్లో మా సాఫ్ట్‌వేర్‌కు కీ అంటే అంకెలు కాదు, వస్తువు. డాంగిల్ అనేవాళ్లం. అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ ముక్క, ఒక వైపు పిన్నులు, మరో వైపు రంధ్రాలు. కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే చోట దీన్ని గుచ్చి, దీని వీపుకు ప్రింటర్ కేబుల్ గుచ్చాలి. ఊడ్చేటప్పుడు బల్ల కాస్త కదిలితే చాలు, పేజీ సగంలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోయేది. ఒకరోజు కొత్త కంప్యూటర్ వచ్చింది. డాంగిల్ పట్టుకుని దాని వెనక తడుముకుంటే అసలు ప్రింటర్ పోర్టే లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే యూఎస్‌బీ డాంగిల్ కొత్తగా కొనమన్నారు, దానికి సాఫ్ట్‌వేర్ ధరలో సగం. యూఎస్‌బీని ప్రింటర్ పోర్టుగా మార్చే వైరు తెచ్చి చూశాం. ప్రింటర్‌ను గుర్తించింది గానీ డాంగిల్‌ను గుర్తించలేదు. చివరకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు పూటలు తిరిగితే, మదర్‌బోర్డులో గుచ్చే ప్రింటర్ పోర్టు కార్డు ఒకటి దొరికింది. దాంతో మరో నాలుగేళ్లు బతికాం. ఆ నాలుగేళ్లూ ఆ కంప్యూటర్‌ను కదపాలంటే ఆఫీసులో అందరికీ భయమే.

డాంగిళ్లు ఇంకా వాడుతున్నవారికి మరో చిక్కు ఉంది. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు, అంతా 64-బిట్. డాంగిల్‌ను గుర్తించే పాత 32-బిట్ డ్రైవరు అందులో ఎక్కదు. కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే కొన్ని పాత 64-బిట్ డ్రైవర్లనూ ఆపేస్తుంది. అప్పుడు తప్పు కీలోనూ ఉండదు, కంపెనీ సర్వర్‌లోనూ ఉండదు. కొత్త డ్రైవరు ఉందా అని అడగడమే దారి.

తిరిగి మీ సంగతికి వద్దాం. కంపెనీకి మళ్లీ రాసే ముందు బిల్లు తీసి చూడండి. సాఫ్ట్‌వేర్ ఎవరి పేర ఉంది? మీరు డబ్బిచ్చారు, సరే. రిజిస్ట్రేషన్ చేసినప్పుడు ఏ ఈమెయిల్, ఏ ఫోన్ నంబరు ఇచ్చారు? 2014లో మీకు ఈమెయిల్ ఉందా? మన ఊళ్లలో జరిగేది నాకు తెలుసు. డీలరు తానే వచ్చి, తానే ఇన్‌స్టాల్ చేసి, ఈమెయిల్ అడిగినచోట తనదే కొట్టి, ‘అయిపోయింది సార్’ అని వెళ్లిపోతాడు. పొలం మనం కొని పాసు పుస్తకం పక్కవాడి పేరున చేయించినట్టు. ఇప్పుడు కంపెనీ పుస్తకాల్లో ఆ కీకి యజమాని ఆ డీలరే. మీరు ఎన్ని మెయిళ్లు పెట్టినా అవతలివారికి మీరు ఎవరో దారిన పోయే మనిషి. ఆ డీలరు ఇంకా వ్యాపారంలో ఉంటే అతని దగ్గరకు స్వయంగా వెళ్లండి. ఫోన్‌లో తేలదు. అతని ఈమెయిల్ నుంచే కంపెనీకి ఒక మెయిల్ రాయించండి, ఈ లైసెన్స్‌ను ఫలానా వారి పేరుకు, ఫలానా ఈమెయిల్‌కు మార్చండి అని. అతను దుకాణం ఎత్తేసి ఉంటే మీ బిల్లు కాపీ, దుకాణం జీఎస్టీ కాగితమో ట్రేడ్ లైసెన్సో జతచేసి మీరే అడగండి. ఆ బిల్లు తెల్లటి థర్మల్ కాగితం మీదిదైతే అక్షరాలు ఈపాటికి మాయమై ఉంటాయి. ఏటవాలు వెలుతురులో ఫోటో తీస్తే ఒక్కోసారి చదవడానికి వస్తాయి.

ఇక మెయిల్. మీరు మొదట పంపింది ఏమిటో ఊహించగలను. ‘మీ సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదు, చాలా ఇబ్బందిగా ఉంది, అర్జెంట్’. అవతల టికెట్లు చూసే పిల్లవాడి ముందు అలాంటివి రోజుకు ఎన్నో. ‘పనిచేయడం లేదు’ అనగానే అతను వెర్షన్ చూస్తాడు, పాతది, సపోర్ట్ ముగిసింది అని రాసి మూసేస్తాడు. అతని తప్పు కూడా కాదు, అతని ముందున్న కాగితంలో అలాగే రాసి ఉంటుంది. మీరు అడగాల్సింది సపోర్ట్ కాదు, లైసెన్స్ బదిలీ. ఈ రెండూ వేరువేరు. సపోర్ట్ అంటే లోపాలు సరిచేయడం, ఫోన్‌లో సాయం, కొత్త విండోస్‌కు తగ్గట్టు మార్చడం. అది ముగిసిందంటే ఒప్పుకోవాల్సిందే, 2014 నాటి సరుకును కలకాలం బాగుచేస్తూ ఉండమనలేం. మీరు ఏటేటా చందా కట్టే రకం కాకుండా ఒకేసారి కొన్నారు కాబట్టి, వాడుకునే హక్కు మీదే. ఒప్పందంలో గడువు రాసి ఉంటే తప్ప సపోర్ట్‌తో పాటు అది ముగియదు. కొత్త విండోస్‌లో అది పనిచేస్తుందన్న హామీ వారు ఇవ్వనక్కర్లేదు. కానీ డిస్క్ మారినందుకు మీ కీని విడిపించి ఇవ్వడం బాగుచేయడం కిందకు రాదు, అమ్మినదాన్ని అప్పగించడం కిందకే వస్తుంది.

కాబట్టి మెయిల్ శీర్షికలోనే లైసెన్స్ బదిలీ కోసం అభ్యర్థన అని రాయండి. లోపల బిల్లు నంబరు, తేదీ, కీ చివరి అయిదు అక్షరాలు, పాత డిస్క్‌తో చూపే మెషిన్ కోడ్, ఎస్‌ఎస్‌డీతో చూపే మెషిన్ కోడ్, కీ చెల్లదంటున్న ఆ సందేశం ఫోటో. తర్వాత ఒక్క ప్రశ్న: ‘బదిలీ కుదరదంటే, ఆ షరతు నేను 2014లో ఒప్పుకున్న లైసెన్స్ ఒప్పందంలో ఏ పేరాలో ఉందో తెలియజేయగలరు’. ఈ వాక్యంలో కోపం లేదు, బెదిరింపు లేదు. కానీ దీనికి జవాబు ఆ టికెట్ పిల్లవాడు రాయలేడు, పైవారికి పంపాల్సి వస్తుంది. మీకు కావలసింది అదే. పాత టికెట్‌కే జవాబుగా రాయండి, కొత్త టికెట్ తెరవకండి. తెరిస్తే వరుసలో మళ్లీ చివరకు పోతారు. రెండు పని దినాలకు ఒకసారి అదే మెయిల్ వరుసలో ఒక వాక్యం రాస్తూ ఉండండి. ఫోన్‌లో ఎవరేం చెప్పినా, పెట్టేశాక ‘మీరు ఫోన్‌లో ఇలా అన్నారు’ అని మెయిల్‌లో ఎక్కించండి.

పెద్ద కంపెనీలు కూడా ఈ ముడి విప్పక తప్పలేదు. అడోబి తన క్రియేటివ్ సూట్ 2 యాక్టివేషన్ సర్వర్‌ను ఆపేసినప్పుడు, డబ్బిచ్చి కొన్నవారి సాఫ్ట్‌వేర్ మూలపడుతుందని, యాక్టివేషన్ అడగని కాపీలను 2013 ప్రాంతంలో వారికి అందుబాటులో పెట్టింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ముగిసినా, ఆ తర్వాత కూడా దాన్ని ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేసుకునే వీలు ఉంచారు. సపోర్ట్ ముగియడం, తాళం వేయడం ఒకటి కాదని చెప్పడానికి మీ మెయిల్‌లో ఈ రెండు ఉదాహరణలూ వాడుకోవచ్చు.

కీ కొట్టే ముందు ఒక చిన్న సంగతి, నవ్వకండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంచి కీ కొట్టి, చెల్లడం లేదని గొడవపడినవారిని నేను ముగ్గురిని చూశాను, అందులో ఒకరు నేనే. సున్నాకూ ఇంగ్లీషు ‘ఓ’కూ, ఎనిమిదికీ ‘బీ’కీ తేడా చూసుకోండి. సీడీ కవరు మీద రాసుకున్న కీలలో ఇవి తప్పకుండా తారుమారవుతాయి.

క్రాక్ గురించి. డబ్బిచ్చి కొన్న మీకు ఆ ఆలోచన రావడంలో తప్పేమీ లేదు, మీ కోపం న్యాయమైనదే. అయినా వేయించవద్దు. కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. రక్షణ తాళాలను పగలగొట్టడం మీద 2012లో 65ఎ అని వేరే సెక్షనే చేర్చారు. మీ దగ్గర బిల్లు ఉన్నా, క్రాక్ పడిన రోజు నుంచి మీరు కంపెనీని అడిగే నైతిక బలం పోతుంది. బదిలీ అడుగుతూ పంపిన ఫోటోలో ఆ క్రాక్ ఆనవాలు వారికి కనిపిస్తే కథ అక్కడితో సరి. చట్టం మాట అటుంచండి, ఆ క్రాక్ ఫైలు మొదట అడిగేది యాంటీవైరస్ ఆపమని. మీ కంప్యూటర్‌లో ఊళ్లో సగం మంది ఆధార్ కాపీలు, పెళ్లివారి ఫోన్ నంబర్లు, రేపటి పరీక్ష ప్రశ్నపత్రాలు ఉంటాయి. ఇంటి తాళం పోయిందని దొంగను పిలిచి, అతను పని చేసుకునేంతసేపు కుక్కను కట్టేసినట్టు ఉంటుంది.

వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చా అని మీరు అడగలేదు గానీ, కంపెనీవారు అడగకపోయినా చెప్పే మాట ఒకటి ఉంటుంది: వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారు అని. అది పూర్తిగా నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరానికి కొన్నవారిని బయట పెట్టినా, స్వయం ఉపాధితో బతుకుతూ కేవలం ఆ జీవనోపాధి కోసమే కొని తానే వాడుకునే మనిషిని లోపలే ఉంచింది. ఒక మనిషి, రెండు కంప్యూటర్లు ఉన్న డీటీపీ సెంటర్ అందులోకి వస్తుందని గట్టిగా వాదించవచ్చు. వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. అయిదు లక్షల లోపు విలువకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు కంపెనీకి పంపుతారు. చాలాసార్లు అక్కడే కదలిక వస్తుంది. కమిషన్ దాకా వెళ్లడం మీ సొమ్ము విలువకు తగ్గ పని కాదని నా అభిప్రాయం. వాయిదాకు వెళ్లిన రోజల్లా దుకాణం మూయాలి.

ముహూర్తాల పని సంగతి. పాత డిస్క్ లేస్తే ఈ సీజను మొత్తం దాని మీదే లాగించండి. వేగం తక్కువైనా సరే, ఎస్‌ఎస్‌డీని సొరుగులో పెట్టండి. డిస్క్ దొరకకపోతే తెలుగు పని అంతా రెండో కంప్యూటర్‌కు, ప్రింటింగ్, ఫోటోల పని పెద్దదానికి పంచండి. పూర్తయిన ప్రతి శుభలేఖనూ ఫాంట్లతో సహా పీడీఎఫ్ చేసి దాచండి. రేపు సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోయినా పీడీఎఫ్ అచ్చవుతుంది.

నన్ను అసలు కలవరపెట్టింది మీ పద్దెనిమిదేళ్ల ఫైళ్లు. మీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. యూనికోడ్ అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న సొంత సంకేతం ఉండే పద్ధతి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్ల ఫైళ్లలో నిజానికి తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు ఉంటాయి, వాటి మీద ఫాంట్ తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంట్ తీసేస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ అన్న వాక్యం పిచ్చిగీతల్లా మిగులుతుంది. అందుకే లైసెన్స్ ఆగినప్పుడు ఆగింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, మీరు ఇన్నేళ్లుగా కొట్టిన ప్రతి అక్షరమూ దాంతో పాటే బందీ అయింది. సీజను దాటాక, రెండో కంప్యూటర్ బాగున్నప్పుడే మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టండి: శుభలేఖల వాచకాలు, శ్లోకాలు, ఆహ్వానాల నమూనాలు. మార్చి ఇచ్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒత్తుల దగ్గర, అరసున్నాల దగ్గర అవి తడబడతాయి కాబట్టి కంటితో చూసుకోవాలి. కవిగారి పుస్తకాలను కవిగారికే వదిలేయండి, పీడీఎఫ్ చాలు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవని మీ వృత్తివారు అంటుంటారు. ఒకప్పుడు ఆ మాటలో పస ఉండేది. రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, గురజాడ, సురన్న, ధూర్జటి, పెద్దన వంటివి ఇప్పుడు ఉచితంగా ఉన్నాయి. ఏ కీ అడగవు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. శుభలేఖ పై వరుసకు రామభద్ర నిండుగా ఉంటుంది. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఫాంట్‌ది తప్పు కాదు, పేరా అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. డబ్బు పెట్టకుండా పేజీలు కట్టాలంటే స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు సరిగా పడుతుంది. చేతికి అలవాటు కావడానికి నెల పడుతుంది, అంతకు తక్కువ అని చెప్పి మిమ్మల్ని మోసం చేయను.

అయినా కొత్త వెర్షన్ కొనాల్సి వస్తే? కొనండి, అవమానంగా భావించకండి. అందులోని అక్షరాల తీరు మీ గిరాకీలకు అలవాటై ఉంటుంది. ముహూర్తాల హడావుడిలో మాత్రం కొనవద్దు. మీ తొందర ఎంతో ఫోన్ అవతలి గొంతుకు తెలిసిపోతుంది. సీజను ముగిశాక పాత బిల్లు చూపి అప్‌గ్రేడ్ ధర అడగండి, పూర్తి ధరకు ఒప్పుకోకండి. డబ్బు కట్టే ముందు మెయిల్‌లో జవాబు తెప్పించుకోవాల్సినవి ఉన్నాయి. డిస్క్ గానీ మదర్‌బోర్డు గానీ మారితే ఎన్నిసార్లు తిరిగి యాక్టివేట్ చేస్తారు, అందుకు డబ్బు అడుగుతారా, ఇంటర్నెట్ లేకుండా ఎన్నాళ్లు నడుస్తుంది, చందా ఆపేస్తే పాత ఫైళ్లు తెరుచుకుంటాయా లేదా. చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఆ సరుకు మీకు వద్దు. రిజిస్ట్రేషన్ ఈసారి మీ సొంత ఈమెయిల్‌తో, మీ కళ్ల ముందు.

రెండో కంప్యూటర్‌ను మార్చకండి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిన మాట నిజమే. ఆగడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు. వ్యక్తిగత కంప్యూటర్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు ప్రకటించారు. అది కుదిరినా కుదరకపోయినా, ఆ కంప్యూటర్‌కు నెట్ వైరు తీసేసి అక్షరాలు కొట్టడానికే ఉంచండి. మెయిళ్లు, బ్యాంకు పనులు పెద్దదానిలో. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు నేరుగా దీనికి గుచ్చనివ్వకండి, ముందు పెద్దదానిలో స్కాన్ చేసి, మీ సొంత పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తేవాలి. ఈ ఆదివారమే ఆ డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్, అంటే అచ్చం నకలు, తీయించండి. క్లోన్‌జిల్లా ఉచితం, కుర్రాడికి తెలిసే ఉంటుంది. రేపు ఆ డిస్క్ పాడైనా, ఇమేజ్‌ను మరో డిస్క్‌లో పోస్తే ఆ ‘వాల్’ సంఖ్యతో సహా తిరిగి వస్తుంది. డిస్క్ తయారీ సంఖ్యను చూసే సాఫ్ట్‌వేర్ అయితే కీ మళ్లీ అడుగుతుంది, ఫైళ్లు మాత్రం భద్రం.

కుర్రాడి డబ్బు ఇచ్చేయండి. మీరు చెప్పిన పని అతను చేశాడు, కంప్యూటర్ వేగం పెరిగింది కూడా. లైసెన్స్ వదిలించాలని మీరూ చెప్పలేదు, అతనూ అడగలేదు, కొన్నప్పుడు ఆ డీలరూ చెప్పి ఉండడు. కాకపోతే పాత డిస్క్ బల్ల మీద పెట్టాకే ఇవ్వండి.